నూనెగింజల్లో మ్యుటేషన్లు – 3వ పాఠం: గింజ చావకుండా నూనె చూడటం

ఫ్యాడ్2 జన్యువు గింజ నూనెలోని ఒలీయిక్ అనే కొవ్వు ఆమ్లాన్ని లినోలీయిక్ అనే ఇంకో కొవ్వు ఆమ్లంగా మారుస్తుందని పోయిన పాఠంలో చూశాం. ఆ జన్యువు పనిచెయ్యకపోతే ఒలీయిక్ అలాగే మిగిలిపోతుంది. గాలి తగిలితే తొందరగా పాడయ్యేది లినోలీయిక్. శ్రీకాకుళం తీరపు తేమలో వేరుశనగ పప్పు నిల్వపెట్టిన వాళ్లకి ఆ పాత నూనె వాసన బాగా తెలుసు. అందుకే ఈ మార్పు మన జిల్లాలకి చాలా అవసరమని నా నమ్మకం.

వేరుశనగలో ఈ జన్యువుకి ‘ఏ’, ‘బీ’ అని రెండు ప్రతులున్నాయి. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం 1987లో ప్రకటించిన ఎఫ్435 అనే వేరుశనగ రకంలో రెండూ చెడిపోయి ఉన్నాయి. ‘ఏ’ ప్రతిలో డీఎన్‌ఏ అక్షరం ఒకటి మారింది. ‘బీ’ ప్రతిలో ఒక అక్షరం అదనంగా చేరి, అక్కణ్ణుంచి వరుసంతా తప్పింది. దాని నూనెలో ఒలీయిక్ దాదాపు 80 శాతం, లినోలీయిక్ 2 శాతం. మన దేశంలో 2020లో విడుదలైన గిర్నార్ 4, గిర్నార్ 5 కూడా ఇలాంటి అధిక ఒలీయిక్ రకాలే.

ఇప్పుడు అసలు పని. విజయనగరం ఎర్రనేలల్లో బాగా పండే రకానికి గిర్నార్ 4తో సంకరం చేశారు. ఆ సంకర మొక్క కాయలు మీ చేతిలో ఉన్నాయి. పప్పు బద్దలు తల్లిమొక్క భాగం కాదు, కొత్త మొక్కవి. అందుకని ఒకే కాయలోని రెండు పప్పులు కూడా వేర్వేరుగా ఉండొచ్చు. కాయని కాదు, ప్రతి పప్పునీ విడిగా పరీక్షించాలి.

మీ స్థానిక రకంలో రెండు ప్రతులూ బాగుంటే, ఒక్కో ప్రతి పూర్తిగా చెడి ఉండే అవకాశం నాలుగింట ఒకటి కాబట్టి, 16 గింజల్లో సగటున ఒక్కదాంట్లోనే రెండూ పూర్తిగా చెడినవి ఉంటాయి. అలాగని 16 గింజలు చాలవు. 15/16ని 16 సార్లు గుణించి చూడండి: ఒక్కటీ దొరక్కపోయే అవకాశం 36 శాతం! 95 శాతం భరోసా కావాలంటే 47 గింజలు చూడాలి.

బాగా ముదిరిన గింజలే తీసుకోండి. లేత గింజలో ఒలీయిక్ తక్కువగా కనిపించి మంచి గింజ చేజారుతుంది. పప్పుకి కొనదేరిన వైపు మొలక ఉంటుంది, అటు బ్లేడు పెట్టొద్దు. రెండో వైపు నుంచి పల్చటి ముక్క కోసి, నంబరు వేసిన చిన్న సీసాలో వెయ్యండి. మిగిలిన గింజకీ అదే నంబరు. తర్వాతి గింజ కోసే ముందు బ్లేడుని స్పిరిట్‌తో తుడవాలి, లేకపోతే ఒకదాని నూనె ఇంకోదానికి అంటుతుంది. ముక్కలు గ్యాస్ క్రొమటోగ్రఫీ (నూనెలో ఏ ఆమ్లం ఎంతుందో విడదీసి కొలిచే పద్ధతి) ఉన్న ల్యాబుకి పంపండి. కోసిన చోట బూజు పట్టడం తేలిక కాబట్టి గింజకి థైరం అనే బూజు మందు పట్టించి, ఆలస్యం చెయ్యకుండా నాటండి.

రిపోర్టులో ఒలీయిక్ 75 దాటి, లినోలీయిక్ బాగా పడిపోయిన నంబర్లే మనకి కావాలి. మధ్యస్థంగా ఉన్నవి చాలావరకు సగం మార్పు మోస్తున్నవి. పంట చల్లటి రోజుల్లో ముదిరితే ఒలీయిక్ కాస్త తగ్గుతుంది కాబట్టి ఖరీఫ్ గింజని రబీ గింజతో పోల్చొద్దు.

అభ్యాసం: సంకరం చేసిన రెండు రకాల్లోనూ ‘ఏ’ ప్రతి ముందే చెడి ఉందనుకోండి. ఇక తేలాల్సింది ‘బీ’ ఒక్కటే. 95 శాతం భరోసాకి ఎన్ని గింజలు కొయ్యాలి? లెక్క కాగితం మీద వేసి ఉంచండి, 4వ పాఠం దానితోనే మొదలవుతుంది.