‘అన్నారు’కు బదులు ఏం రాయాలి?

దినపత్రిక జిల్లా డెస్కులో కాపీ దిద్దడం నా పని. కొత్త కంట్రిబ్యూటర్లు పంపే వార్తల్లో నేను ఎక్కువగా మార్చేది వాక్యం చివరి క్రియనే. ఒకే ప్రెస్‌మీట్, ఒకే ఎమ్మెల్యే. మొదటి పేరాలో ‘పేర్కొన్నారు’, రెండోదాంట్లో ‘వెల్లడించారు’, మూడోదాంట్లో ‘ఉద్ఘాటించారు’. ఎందుకమ్మా ఇన్ని అని అడిగితే, ‘అన్నారు, అన్నారు అని రాస్తే బాగోదు కదా సార్’ అంటారు. బాగానే ఉంటుంది. ‘అన్నారు’, ‘చెప్పారు’ ఎన్నిసార్లు వచ్చినా పాఠకుడికి అడ్డు తగలవు. పైగా ఆ రెండూ ఎవరి వైపూ మొగ్గవు. మిగతావాటిలో చాలా మాటలు మొగ్గుతాయి. ఏది ఎటు మొగ్గుతుందో తెలిశాకే వాటిని వాడండి.

గుంటూరు మిర్చి యార్డులో ఒక రైతు తూకంలో మోసం జరుగుతోందని మీతో చెప్పాడనుకుందాం. ‘మోసం జరుగుతోందని రైతు వెల్లడించారు’ అని రాస్తే, మోసం జరిగిందని మీరే తేల్చేసినట్టు. వెల్లడించడమంటే దాగి ఉన్న నిజాన్ని బయటపెట్టడం. మీరు కాటా దగ్గర నిలబడి చూసి ఉంటే ఆ మాట రాయండి. లేకపోతే ‘ఆరోపించారు’ రాయండి. ఆరోపణ అబద్ధమని కాదు, ఇంకా రుజువు కాలేదని దాని అర్థం. ‘గుర్తుచేశారు’ కూడా ఇలాంటిదే. ‘ఈ రోడ్డుకు నిరుడే నిధులిచ్చామని మంత్రి గుర్తుచేశారు’ అని రాయాలంటే ముందు జీవో చూడాలి. చూడకపోతే ‘అన్నారు’.

‘స్పష్టం చేశారు’ అంటే అంతకుముందు ఏదో గందరగోళం ఉండి ఉండాలి. ‘పేర్కొన్నారు’ను కాగితాలకు వదిలేయండి: ఎఫ్‌ఐఆర్‌లో పేర్కొన్నారు, నివేదికలో పేర్కొన్నారు. మైకు ముందు చెప్పినదానికి ఆ మాట నేను ఒప్పుకోను.

పోలీసు వార్త దగ్గర మరీ జాగ్రత్త. ‘నిందితుడు నేరం అంగీకరించాడు’ అని నేరుగా రాయొద్దు. పోలీసు అధికారి ముందు ఒప్పుకున్నది నిందితుడికి వ్యతిరేకంగా రుజువుగా చెల్లదు. 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పింది ఇదే. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్ కూడా అదే చెబుతోంది. కోర్టులోనే నిలవని మాటను మన పేజీలో నిజంగా నిలబెట్టడం అన్యాయం. ‘అంగీకరించాడని సీఐ తెలిపారు’ అని రాస్తే, ఆ మాట ఎవరిదో పాఠకుడికి తెలుస్తుంది. కోర్టు వార్తల్లో ‘వ్యాఖ్యానించింది’ వేరు, ‘ఆదేశించింది’ వేరు. విచారణ మధ్యలో జడ్జి అడిగిన ప్రశ్నను ఆదేశంగా రాస్తే, ఆ వార్త పట్టుకుని జనం ఆఫీసుల చుట్టూ తిరుగుతారు.

దుయ్యబట్టారు, ధ్వజమెత్తారు, విరుచుకుపడ్డారు, నిప్పులు చెరిగారు. వీటిలో ఏదీ నాకు అక్కర్లేదు. ‘విమర్శించారు’ చాలు, ఆయన అన్న మాటలు యథాతథంగా ఇవ్వండి, ఆ వేడి అందులోనే తెలుస్తుంది. ‘హితవు పలికారు’ అన్నా ఇబ్బందే, చెప్పినవాడు పెద్దమనిషి, విన్నవాడు తప్పు చేసినవాడు అయిపోతారు.

ఇక వ్యాకరణం. ‘మాట్లాడు’ అనే క్రియకు ఎవరితో, దేని గురించి అన్నవి కావాలి. ‘రోడ్డు వేస్తామని మాట్లాడారు’ అంటే అతకదు. ‘నాతో అన్నాడు’ అంటే చెప్పాడని, ‘నన్ను అన్నాడు’ అంటే తిట్టాడని. ఒక ఉద్యోగి వచ్చి ‘మా ఆఫీసర్ నన్ను అందరి ముందూ అన్నాడండీ’ అంటే, వెంటనే ‘దూషించారు’ అని రాసేయకండి. ఏ మాట అన్నాడో అడగండి. కులం పేరుతో అన్నాడా లేదా అన్నది మరీ ముఖ్యం. బాధితులు ఎస్సీ, ఎస్టీలైతే అది 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కిందికి రావచ్చు.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టే మాట ‘వాపోయారు’. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లిన రిపోర్టర్ కాపీ చూడండి. అధికారి వివరిస్తారు, నాయకుడు ప్రకటిస్తారు. పేదవాళ్లు మాత్రం ఎప్పుడూ వాపోతారు, మొరపెట్టుకుంటారు, గోడు వెళ్లబోసుకుంటారు. ‘పది రోజులాయె, వడ్లు కాంటా పెడ్తలేరు’ అన్న రైతు ఏడవలేదు. లెక్క చెప్పాడు, నిలదీశాడు. దాన్ని ‘వాపోయారు’ అని రాస్తే ఆయన అడిగిన ప్రశ్న పోయి కన్నీళ్లే మిగులుతాయి. అడిగితే ‘ప్రశ్నించారు’ రాయండి, గట్టిగా అడిగితే ‘నిలదీశారు’ రాయండి. నిజంగా కళ్ల నీళ్లు పెట్టుకుంటేనే ఆ సంగతి ఒక వాక్యంలో చెప్పండి. ఆయన మాటను పుస్తకాల భాషలోకి మార్చకండి. ‘పెడ్తలేరు’ను ‘పెట్టడం లేదు’ చేయాల్సిన పనిలేదు, ఆ మాట అందరికీ అర్థమవుతుంది.

గౌరవం విషయం కూడా ఇక్కడే. ఒకే వార్తలో తహసీల్దార్ ‘అన్నారు’, హమాలీ ‘అన్నాడు’, కూలికి వెళ్లే ఆమె ‘అంది’ అని వస్తే నేను ముగ్గురికీ ‘అన్నారు’ చేస్తాను. మీరే అలా రాసి పంపితే, రాత్రి పేజీ వెళ్లే టైంలో నాకు ఆ దిద్దుబాటు తప్పుతుంది.