కొత్తగా ఇంటికొచ్చిన ఎదిగిన కుక్క, పాఠం 3: ఒంటరిగా ఉండటం

పోయిన పాఠంలో హోంవర్క్ ఇచ్చాను కదా, కుక్కకి ఇంట్లో ఒక మూల ఇచ్చేసి అక్కడ పడుకున్నప్పుడు ఎవరూ కదిలించొద్దని. అది చేసినవాళ్ళకి ఈ పాఠం తేలిగ్గా ఉంటుంది. చెయ్యనివాళ్ళు ముందు అది చేసి రండి, మీరు ఇంట్లో ఉన్నప్పుడే కుదురుగా పడుకోలేని కుక్క మీరు లేనప్పుడు పడుకుంటుందనుకోవడం అత్యాశ.

ముందు ఒక్కసారి దాని వైపు నుంచి చూడండి. ఇదివరకు ఏదో ఇంట్లో ఉండి వచ్చిన కుక్కయితే దాని మనుషులు ఒకరోజు తలుపు దాటి వెళ్ళారు, మళ్ళీ కనపడలేదు. ఇప్పుడు మీరు చెప్పులేసుకుని తాళాలు తీసుకుంటే అది మీ వెనకాలే కాలుగాలిన పిల్లిలా తిరుగుతోందంటే అల్లరి కాదండీ, భయం. మీరు తిరిగొస్తారని దానికి తెలీదు, మనం నేర్పాల్సింది అదొక్కటే.

మా చుక్కి మా ఇంటికి వచ్చేసరికి దానికి ఐదేళ్ళు. మొదటి ఐదు రోజులు కిక్కురుమనలేదు, ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయాం, అది బుద్ధి కాదు బెదురు అని అప్పుడు అర్థం కాలేదు. ఆరో రోజు నలభై నిమిషాలు బయటికెళ్ళి వచ్చాం. తలుపు కింది భాగమంతా గీకేసి ఉంది, గుమ్మం దగ్గర పట్టా చొంగతో తడిసి ముద్దయింది, ఒక గోరు చివర రక్తం. వెళ్తూ వెళ్తూ పెట్టిన బిస్కెట్ మాత్రం పెట్టినచోటే ఉంది. ఆ బిస్కెట్ చూశాకే నాకు గుండె కలుక్కుమంది, ఎందుకంటే తిండంటే అంత ఇష్టమున్న కుక్క కనీసం వాసన కూడా చూడలేదంటే లోపల ఎంత కంగారు పడిందో.

ఇక్కడే తేడా పట్టుకోండి. తోచక పాడుచేసే కుక్క పెట్టింది తినేసి, కాసేపు పడుకుని, ఆ తర్వాత ఏ చెప్పో దిండో పట్టుకుంటుంది. భయపడిన కుక్క మామూలుగా మీరు వెళ్ళిన మొదటి అరగంటలోనే మొదలుపెడుతుంది, ఎక్కువగా తలుపు, కిటికీ దగ్గరే. అందుకే ఒక పాత ఫోన్‌లో వీడియో ఆన్ చేసి పెట్టి వెళ్ళండి, ఊహించుకోవడం కన్నా చూడటం మేలు.

తిరిగొచ్చాక మాత్రం తిట్టొద్దు. "తప్పు చేశానని దానికి తెలుసు, మొహం చూడండి" అంటారు చాలామంది. 2009లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకురాలు దీన్నే పరీక్షించి చూస్తే, ఆ తప్పు చేసిన మొహం యజమాని తిట్టినప్పుడే ఎక్కువగా కనపడింది, కుక్క నిజంగా తప్పు చేసిందా లేదా అన్నదానితో సంబంధం లేకుండా. అంటే అది మీ కోపానికి భయపడుతోంది. తిడితే ఇక మీరు వెళ్ళడమూ భయమే, రావడమూ భయమే.

ఇక అసలు పని. తాళాలు చేతిలోకి తీసుకుని వెళ్ళి సోఫాలో కూర్చోండి. చెప్పులేసుకుని వంటింట్లోకెళ్ళి రండి. రోజుకి అయిదారు సార్లు, వేరువేరు టైముల్లో. తాళాల చప్పుడుకి తలెత్తే కుక్క కొన్నాళ్ళకి తలెత్తడం మానేస్తుంది, అప్పుడే తర్వాతి మెట్టు. తలుపు తీసి వేయండి, అంతే. తర్వాత బయటికెళ్ళి రెండు సెకన్లలో వచ్చేయండి. తర్వాత 5, తర్వాత 3, తర్వాత 10, మళ్ళీ 4. ప్రతిసారీ పెంచుకుంటూ పోతే అది లెక్క పసిగట్టేస్తుంది, అందుకే మధ్యమధ్యలో తగ్గించాలి. అది మూలగకముందే, గీకకముందే మీరు లోపలుండాలి. పెదాలు నాకుతోందా, నిద్ర రాకుండానే ఆవలిస్తోందా, కంటి తెల్లగుడ్డు కనపడేలా పక్కకి చూస్తోందా, ఇవన్నీ "నాకు ఎక్కువైంది" అని చెప్పడమే, వెంటనే టైము సగానికి దించండి. ఈ సాధన పది నిమిషాలు చాలు ఒక పూటకి.

కష్టమైన సంగతి ఏంటంటే, ఈ నేర్పే రోజుల్లో దాన్ని తట్టుకోగలిగినదానికన్నా ఎక్కువసేపు వదలకూడదు. ఇంట్లోవాళ్ళు వంతులేసుకోండి, బంధువుల్ని అడగండి, వీలైతే సెలవు పెట్టండి. పొద్దున 20 సెకన్లు నేర్పి మధ్యాహ్నం నాలుగు గంటలు వదిలేస్తే పొద్దున నేర్పింది గంగలో కలిసినట్టే. భయంతో ఉన్న కుక్కని క్రేట్‌లో (కుక్కని ఉంచే బోనులో) పెట్టి తాళం వెయ్యడం అసలొద్దు, పళ్ళు విరగ్గొట్టుకుంటాయి కొన్ని.

రెండు మూడు వారాలైనా ఒక్క నిమిషం దగ్గరే ఆగిపోతే, లేదా ఒంటికి గాయాలు చేసుకుంటుంటే వెటర్నరీ డాక్టర్‌కి ఆ వీడియో చూపించండి. దీనికోసమే క్లోమిప్రమిన్, ఫ్లూయోక్సెటిన్ లాంటి మందులున్నాయి, డాక్టర్ చెప్తేనే, ఆయన చెప్పిన మోతాదులోనే. మందు వాడటం మీ ఓటమేం కాదు, భయం కాస్త తగ్గితేనే కదా పాఠం బుర్రకెక్కేది.

చుక్కికి పది నిమిషాలు ఒంటరిగా కుదురుగా ఉండటం మొదటిసారి రావడానికి ఇరవై ఆరు రోజులు పట్టింది. ఆరోజు వీడియోలో అది తలుపు దాకా వెళ్ళి, ఒకసారి వాసన చూసి, వెనక్కొచ్చి తన మూలలో పడుకుంది. ఆ ముక్క ఎన్నిసార్లు చూశానో.

ఈ వారం హోంవర్క్: తాళాలు, చెప్పులు మాత్రమే. తలుపు జోలికి పోకండి. ఎన్నిసార్లు తలెత్తిందో రోజూ ఒక కాగితం మీద రాసుకోండి, వచ్చే పాఠం ఆ కాగితం దగ్గర్నుంచే మొదలవుతుంది.