రిపో పబ్లిక్ చేసే ముందు ఒక అరగంట

ప్లేస్‌మెంట్లు దగ్గరపడగానే ఫైనల్ ఇయర్ వాళ్లందరూ చేసే పని ఒకటుంది: ఇన్నాళ్లూ ప్రైవేట్‌గా ఉన్న ప్రాజెక్టు రిపోను (కోడ్, దాని మార్పుల చరిత్ర ఉండే చోటును) గిట్‌హబ్‌లో పబ్లిక్ చేసి, లింకు రెజ్యూమేలో పెట్టడం. మంచిదే. ఆ బటన్ నొక్కే ముందు మాత్రం ఒక అరగంట ఆగి, పాస్‌వర్డ్‌లు, కీలు లోపల మిగిలిపోలేదని చూసుకోండి.

మొన్నొక కుర్రాడు తన ప్రాజెక్టు చూపించాడు. కోడ్ శుభ్రంగా ఉంది. పాత కమిట్లు, అంటే గిట్‌లో సేవ్ చేసిన మార్పులు, తిరగేస్తుంటే ఒకదాని పేరు ‘రిమూవ్డ్ పాస్‌వర్డ్’. తెరిచాను. తీసేసిన వరుసను చూపించే ఎర్ర రంగులో, మైనస్ గుర్తు పక్కనే, డేటాబేస్ పాస్‌వర్డ్ అక్షరం పొల్లుపోకుండా ఉంది. ‘‘తీసేశాను కదండీ’’ అన్నాడు పాపం. ఫైల్లోంచి తీశాడు, నిజమే. గిట్ దగ్గర పాత కాపీ అలాగే ఉంది. పైగా ఎక్కడ వెతకాలో ఆ మెసేజే చెబుతోంది.

అందుకని ఇవాళ్టి ఫైళ్లు చూస్తే చాలదు, మొదటి కమిట్ నుంచీ వెతకాలి. గిట్‌లీక్స్, ట్రఫుల్‌హాగ్ లాంటి ఉచిత టూల్స్ ఆ పని చేసిపెడతాయి. ఉదాహరణకు, అమెజాన్ క్లౌడ్‌లోకి ప్రోగ్రాములు వెళ్లడానికి వాడే మామూలు యాక్సెస్ కీ ఐడీలు ‘ఏకేఐఏ’ (AKIA) అక్షరాలతో మొదలవుతాయి. వెతకడం మనకెంత సులువో, దొంగల బాట్లకూ అంతే సులువు.

గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితాలో) ఎన్వ్ ఫైలు, అంటే కీలు, సెట్టింగులు పెట్టుకునే ఫైలు, పేరు రాశాం కదా అని ధీమా పడకండి. అప్పటికే కమిట్ అయిన ఫైలును అది ఆపదు. రియాక్ట్ ప్రాజెక్టును వీట్ అనే బిల్డ్ టూల్‌తో కడితే ఇంకో తిరకాసు. ‘వీట్’ (VITE_) పేరుతో మొదలయ్యే ఎన్వ్ వేరియబుల్స్‌ని కోడ్‌లో వాడితే, వాటి విలువలు బిల్డ్‌లో కలిసి బ్రౌజర్‌కే వెళ్లిపోతాయి. అక్కడ సీక్రెట్ పెడితే గోడమీద రాసినట్టే.

కీ దొరికిందా? ముందు హిస్టరీ కడగడానికి కూర్చోకండి, కీ మార్చండి. రిపో ఇంకా ఎవరికీ కనపడకపోతే తీరిగ్గా చేయొచ్చు: అమెజాన్ క్లౌడ్ ఖాతా కింద తయారుచేసుకునే ఐఏఎమ్ యూజర్‌కు ఒకేసారి రెండు కీలు ఉండనిస్తారు కాబట్టి కొత్తది తయారుచేసి, యాప్‌లో పెట్టి, పనిచేస్తోందని చూసుకుని పాతదాన్ని ఆపేయండి. అప్పటికే పబ్లిక్ అయిపోయి ఉంటే యాప్ ఆగినా సరే, పాత కీని ఆ క్షణమే చంపేయాలి. తర్వాత ఫిల్టర్‌రిపో అనే టూల్‌తో హిస్టరీ శుభ్రం చేసుకోవచ్చు. కానీ అప్పటికే ఎవరో తీసుకున్న కాపీలు (క్లోన్, ఫోర్క్) మన చేతిలో ఉండవు.

పిల్లల ప్రాజెక్టులకే ఇదంతా అనుకోకండి. టొయోటా కార్ల టీ-కనెక్ట్ సేవకు పనిచేసిన సబ్‌కాంట్రాక్టర్ ఒకరు కోడ్‌లో కొంత భాగాన్ని పొరపాటున గిట్‌హబ్‌లో పబ్లిక్‌గా పెట్టారు. అందులో సర్వర్ యాక్సెస్ కీ ఉంది. 2017 డిసెంబర్ నుంచి 2022 సెప్టెంబర్ దాకా అలాగే ఉండిపోయింది. 2,96,019 మంది ఈమెయిల్ అడ్రసులు బయటికి పోయి ఉండొచ్చని కంపెనీయే చెప్పింది.

పోనీ ప్రైవేట్‌గానే ఉంచుదామంటారా? 2016లో ఊబర్ డేటా దొంగిలించినవాళ్లు దూరింది ఆ కంపెనీ ప్రైవేట్ రిపోలోకే. అక్కడ దొరికిన అమెజాన్ కీతో 5.7 కోట్ల మంది వివరాలు పట్టుకుపోయారు.

ఇక పుష్ చేసేటప్పుడు (కోడ్ పైకి పంపేటప్పుడు) అందులో సీక్రెట్ ఉందని గిట్‌హబ్ ఆపితే, డెడ్‌లైన్ టెన్షన్‌లో బైపాస్ నొక్కకండి. ఏ ఫైలు, ఎన్నో వరుస అన్నది ఆ మెసేజ్‌లోనే ఉంటుంది. తెరిచి చూడండి.