సరిహద్దు జిల్లాల ఇంజినీరింగ్ తరగతిలో కమ్యూనికేషన్ స్కిల్స్ బోధించే పద్ధతి

ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం ప్రాంతాల ఇంజినీరింగ్ కళాశాలల్లో కమ్యూనికేషన్ స్కిల్స్ బోధించే అధ్యాపకులు ముందుగా తమ తరగతిలో ఎన్ని భాషలున్నాయో తెలుసుకోవాలి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పాఠ్యపుస్తకంలో ఇంగ్లిష్, సంతలో ఈ మూడింటి కలగలుపుతో పెరిగిన విద్యార్థి ఏ భాషలో నోరు విప్పాలో తేల్చుకోలేక మౌనంగా ఉంటే, అతనికి విషయమే రాదని మనం అనుకుంటాము. ఆ పొరపాటు వల్లనే తొలిరోజు వ్యాకరణంతోనూ, కంఠస్థం చేసి అప్పజెప్పే ‘సెల్ఫ్ ఇంట్రడక్షన్’తోనూ గడిచిపోతుంది.

మొదటి రెండు వారాలు మాట్లాడేటప్పుడు ఇంగ్లిష్‌ను పక్కన పెట్టండి. పొలంలో మోటారు ఎందుకు కాలిపోయింది, రైసుమిల్లులో బెల్టు ఎందుకు జారిపోతుంది వంటి, తాను కళ్లారా చూసిన విషయాన్ని ప్రతి విద్యార్థీ తెలుగులోనో ఒడియాలోనో మూడు నిమిషాల్లో వివరించాలి. విన్నవారు తమకు అర్థంకాని చోట ఆపి అడగాలి. ఆ ప్రశ్నలకు జవాబులు కలిపి, మరుసటి తరగతిలో అదే విషయాన్ని ఇంగ్లిష్‌లో ఐదు వాక్యాలుగా రాయించండి. తెలిసిన భాషతో మొదలుపెట్టడం ఈ నేలకు కొత్తేమీ కాదు: సవర గిరిజన పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని, తాను ఆ భాష నేర్చుకుని వాచకాలు రాసిన గిడుగు రామమూర్తి పంతులు ఉపాధ్యాయుడిగా పనిచేసింది పర్లాకిమిడిలోనే.

తరువాత, ఒకే సంగతిని ముగ్గురికి చెప్పించండి. మిల్లులో బేరింగ్ వేడెక్కుతోందనుకుందాం. యజమానికి కావలసింది మిల్లు ఎన్ని గంటలు ఆగుతుంది, ఎంత ఖర్చవుతుంది అన్నది. మెకానిక్‌కు కావలసింది ఏ బేరింగ్, ఏ సైజు అన్నది. పై ఇంజినీరుకు కావలసింది ఎందుకు వేడెక్కింది, మళ్లీ జరగకుండా ఏం చేయాలి అన్నది. వినేవారు మారితే ముందు చెప్పవలసిన మాట మారుతుందని విద్యార్థి ఇక్కడ తనంతట తానే గ్రహిస్తాడు.

అన్నింటికంటే ఎక్కువ సమయం షిఫ్టు రిజిస్టరుకు ఇవ్వాలని నా అభిప్రాయం. ఈ విద్యార్థుల్లో కొందరైనా జయకేపూర్ కాగితపు మిల్లుకో, దామన్‌జోడి అల్యూమినా కర్మాగారానికో వెళతారు. రాత్రింబవళ్లు నడిచే అటువంటి చోట దిగిపోయే షిఫ్టువారు రాసిన నాలుగు వాక్యాల మీదనే ఎక్కే షిఫ్టు పని ఆధారపడుతుంది. ‘పంపు సరిగా లేదు, చూడగలరు’ అని రాస్తే చదివినవారు మొదటినుంచీ వెతుక్కోవాలి. ‘రాత్రి 11 గంటలకు 2వ పంపు డెలివరీ ప్రెషర్ 6 బార్ నుంచి 4 బార్‌కు పడిపోయింది, స్ట్రెయినర్ శుభ్రం చేశాక 5 బార్ వరకే పెరిగింది, సీల్ దగ్గర కారుతోంది, ఉదయం షిఫ్టువారు సీల్ మార్చాలి’ అని రాస్తే ఏం జరిగింది, ఏం చేశాము, ఏం మిగిలింది అన్న మూడూ అందులో ఉంటాయి. వారానికి రెండు ఇటువంటి నోట్లు రాయించండి. దిద్దేటప్పుడు కాగితానికి రెండు తప్పులే చూపండి. అంతా ఎర్రసిరా అయితే విద్యార్థి మార్కు తప్ప మరేమీ చదవడు.

ఈమెయిల్‌కు అంత శ్రమ అక్కరలేదు. ‘గౌరవనీయులైన వారికి నమస్కరించి వ్రాయునది’ అన్న మన ఉత్తరాల అలవాటు ఇంగ్లిష్‌లోకి కూడా వచ్చి, అసలు కోరిక చివరి పేరాలో దాక్కుంటుంది. మర్యాద ఒక వాక్యంలో ముగించి, ఏం కావాలో, ఎప్పటిలోగా కావాలో రెండో వాక్యంలోనే చెప్పమనండి.

స్లయిడ్ల పాఠానికి కొలంబియా అంతరిక్ష నౌక ఉదంతాన్ని వాడండి. అది 2003 ఫిబ్రవరి 1న తిరిగి వస్తూ విచ్ఛిన్నమై ఏడుగురు మరణించారు. ప్రయోగ సమయంలో ఊడిపడి రెక్కకు తగిలిన గట్టి నురుగు (ఫోమ్) ముక్క గురించి ఇంజినీర్లు అంతకుముందు చూపిన ఒక స్లయిడు తీరును దర్యాప్తు మండలి తన నివేదికలో విమర్శించింది. పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు, తగిలిన దాని అంచనా 1,920 ఘనపు అంగుళాలు, అంటే 640 రెట్లు. స్లయిడులో ఆ రెండు కొలతలు అట్టడుగు వరుసలో ఉండగా శీర్షిక మాత్రం భరోసా ఇస్తున్నట్టు ఉంది. ఈ అంకెలు ఇచ్చి, ఒకే ఒక స్లయిడు తయారు చేయమని అడగండి. ఎవరు 640ని శీర్షికలో పెట్టారో చూడండి.

మాట్లాడే పాఠంలో యాసను సరిచేయడానికి పూనుకోవద్దు. తెలుగువారు మాట చివర ‘ఉ’ చేర్చినా, ఒడియావారు ‘అ’ను ‘ఒ’గా పలికినా పని ఆగదు. ఫోనులో 15, 50గా వినిపిస్తేనే ఆగుతుంది. అందుచేత అంకెలను ‘వన్ ఫైవ్’ అని విడివిడిగా పలకడం, విన్నవారు తిరిగి చదివి వినిపించడం అలవాటు చేయండి.

చివరి పరీక్షగా మెట్ల దీపాన్ని పైనుంచీ కిందినుంచీ వేసి ఆపే టూ-వే స్విచ్ వైరింగ్ ఎలా చేయాలో ఒక విద్యార్థితో ఒక పేజీ రాయించి, దానిని మరొక విద్యార్థికి ఇవ్వండి. అతను ల్యాబ్ సిబ్బంది సమక్షంలో, కరెంటు ఇవ్వని బోర్డు మీద, ఆ పేజీలో ఉన్నది ఉన్నట్టుగానే చేయాలి. అతను ఎక్కడ ఆగిపోతే అక్కడ ఆ పేజీ రాసినవారికి మార్కు తగ్గించండి, చేసినవారికి కాదు.