ముందు ఎండాకు బస్తాలు, ఆ తర్వాతే కొట్ల చెత్త: వీధి కంపోస్టు మొదలుపెట్టేవాళ్లకి

మా వీధి శ్రీకాకుళంలో జి.టి.రోడ్డుకి ఆనుకుని ఉంటుంది. రెండు టిఫిన్ కొట్లు, ఓ టీ కొట్టు, నాలుగు కూరగాయల బళ్లు, ఒక పూల కొట్టు, వేసవిలో చెరకు రసం బండి, మూడు కిరాణాలు, ఒక టైలరు, చివర్లో చికెన్ షాపు. ఈ కొట్ల చెత్తని మేమే వేరు చేసి, తడిది కంపోస్టు చేసి, పొడిది అమ్మకానికి పంపుతున్నాం. ఎలా మొదలుపెట్టాలని చాలామంది అడుగుతున్నారు కాబట్టి, మాకు తెలిసింది మొత్తం ఇక్కడ రాస్తున్నా.

అన్నిటికంటే ముందు ఒక్క మాట. ఎండాకులు పోగవకుండా ఒక్క కొట్టు దగ్గర కూడా బకెట్ పెట్టకండి. మేం చేసిన తప్పు అదే. జూలైలో ఉత్సాహంగా మొదలుపెట్టాం. రోజూ కూరగాయల తుక్కు, సాంబారు ముక్కలు, టీ పొడి తెచ్చి తొట్టిలో పోశాం, కలపడానికి పొడి సరుకు ఏమీ లేదు. పది రోజులకే అది నల్లటి జావలా అయిపోయి వీధంతా కంపు కొట్టింది. పక్కింటి ముసలమ్మగారు కిటికీ తలుపులు తీయలేకపోయారు. ఆవిడ ముఖం చూడటానికి మాకే కష్టమైంది. తొట్టి మొత్తం ఖాళీ చేసి, ఆరు నెలలు ఆగి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం.

ఎందుకలా అయ్యిందంటే, కుళ్లబెట్టే సూక్ష్మజీవులకి నత్రజనితో పాటు కర్బనం కావాలి, గాలి కూడా ఆడాలి. లెక్క ప్రకారం ఒక వంతు నత్రజనికి 25 నుంచి 30 వంతుల కర్బనం ఉండాలి. కూరగాయల తుక్కులో, టీ పొడిలో నత్రజని ఎక్కువ, నీరు ఎక్కువ. ఎండాకులో, చెరకు పిప్పిలో, రంపపు పొట్టులో కర్బనం ఎక్కువ. ఈ లెక్కలన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఒక బకెట్ తడి చెత్తకి రెండు బకెట్ల ఎండాకు, అంతే.

ఆకు దొరికేది మాఘం, ఫాల్గుణం నెలల్లో. స్కూలు ఆవరణల్లో, ఆఫీసుల వెనక రావి, బాదం, వేప, కానుగ ఆకు కుప్పలుగా రాలుతుంది, ఊడ్చి తగలబెట్టేస్తారు. వాళ్లని ముందే అడిగి పెట్టుకోండి, ఊడ్చే మనిషికి గోనె సంచులు మీరే ఇవ్వండి. రోజుకి 20 కిలోల తడి చెత్త అనుకుంటే, తొక్కి నింపిన బస్తాలో సగం ఖర్చవుతుంది. వర్షాకాలం నాలుగు నెలలకే 60 బస్తాలు కావాలన్నమాట. ఇంత ఆకు తడవకుండా పెట్టుకునే చోటు ఉందా అన్నది తొట్ల కంటే ముందు చూసుకోండి. చాలకపోతే సామిల్లు పొట్టు, కొబ్బరి పీచు పొట్టు, చింపిన అట్టముక్కలు కలుపుకోవచ్చు. రైసుమిల్లు ఊక మన దగ్గర బోలెడు దొరుకుతుంది కానీ అది తొందరగా కుళ్లదు, గుల్లగా ఉండటానికి కొంచెం వేసుకోండి, ఆకు బదులు మాత్రం వాడొద్దు.

తొట్లు నాలుగు కావాలి. పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కోటి మూడున్నర అడుగులు. అంతకంటే చిన్నదైతే లోపల వేడి నిలవదు. ఇటుకల మధ్య సందులు వదిలి కట్టొచ్చు, వెదురు తడికలతోనూ చెయ్యొచ్చు. అడుగున మట్టి నేలే మంచిది, ఎలుకలు రాకుండా ఇనప జల్లెడ పరవండి. చుట్టూ నేల కన్నా జానెడు ఎత్తులో ఉండాలి, లేకపోతే మొదటి వానకే నీళ్లు చేరతాయి. పైన రేకు తప్పనిసరి, ఆ రేకుని గట్టిగా బిగించాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన జిల్లాలో ఎన్ని రేకులు లేపుకుపోయిందో చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 20 కిలోల లెక్కన ఒక్కో తొట్టి రెండు మూడు వారాల్లో నిండుతుంది, నాలుగోది నిండేసరికి మొదటి దాంట్లోది తయారవుతూ ఉంటుంది.

ఇక కొట్లవాళ్లని ఒప్పించడం. మీటింగు పెడితే అందరూ తలూపుతారు, రెండో రోజు నుంచి అన్నీ ఒకే బకెట్లో పడతాయి. టిఫిన్ కొట్టు పిన్ని మొహం మీదే అడిగేసింది: "ఏటి బాబూ, ఇడ్లీ తియ్యాలా, నీ చెత్త చూసుకోవాలా?" ఆవిడ అడిగింది నిజమే. పొద్దున్న ఏడు గంటలకి ఆవిడ దగ్గర కనీసం పదిమంది నిలబడి ఉంటారు. అందుకని మాటలు ఆపేసి, ఓ గంట పక్కన నిలబడి ఆవిడ చేయి ఎక్కడికి పోతుందో చూశాం. చట్నీ గిన్నెల దగ్గర ఆకుపచ్చ బకెట్, పాల ప్యాకెట్లు కత్తిరించే చోట గోడకి ఒక సంచి తగిలించాం. అంతే, మూడో రోజుకి ఆవిడకి అలవాటైపోయింది. ప్రతి కొట్టులోనూ ఇలాగే చెయ్యండి. బకెట్ చేతికి అందే చోట ఉంటే వేరు చెయ్యమని ఎవరినీ బతిమాలనక్కర్లేదు. మొదట మూడు కొట్లతోనే మొదలుపెట్టండి, రెండు నెలలు సాఫీగా సాగాకే నాలుగోది చేర్చండి.

ఏ కొట్టు నుంచి ఏం వస్తుందో ముందే తెలుసుకుని ఉండాలి. కూరగాయల తుక్కు నేరుగా వేసెయ్యొచ్చు, పెద్ద కాబేజీ ఆకులు, అరటి దూట మాత్రం నరకాలి. టీ పొడి బంగారం లాంటిది, కాకపోతే పాలు, పంచదార పోయేలా ఒకసారి కడిగి వెయ్యండి, చీమలు పట్టవు. పూల కొట్టు నుంచి వచ్చే దండల్లో దారాలు తీయాలి. పత్తి దారమైతే ఫరవాలేదు, ఇప్పుడొచ్చేవి ఎక్కువ సింథటిక్ దారాలు. అవి తిరగేసేటప్పుడు పళ్ల పారకి చుట్టుకుపోయి, కత్తితో కోస్తే తప్ప రావు. అరటాకులు, మన సీతంపేట వైపు నుంచి వచ్చే అడ్డాకు విస్తర్లు హాయిగా కుళ్లుతాయి. వెండి పూత ప్లేట్లు కుళ్లవు. కాగితం టీ కప్పులు కూడా కుళ్లవు, లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. కోడిగుడ్డు పెంకులు నలిపి వెయ్యండి. కొబ్బరి బొండాలు మిషన్లో ముక్కలు చెయ్యగలిగితేనే తీసుకోండి.

చికెన్, చేపల వ్యర్థాలు ఇలాంటి తొట్లలో వద్దు. కుక్కలు, ఈగలు, వాసన, వీధిలో గొడవ. అది మున్సిపాలిటీ బండికే విడిగా ఇప్పించండి. పలాస వైపు వాళ్లు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి: జీడిపిక్కల తొక్కు తొట్టిలో వెయ్యకండి, చేత్తో పట్టుకోకండి. అందులో నూనె చర్మాన్ని కాల్చేస్తుంది.

రోజువారీ పని ఇంతే. అడుగున జానెడు మందాన ఆకు, దాని మీద తడి చెత్త, దాని మీద మళ్లీ ఆకు. సాయంత్రం చూస్తే పైన ఒక్క మెతుకు కూడా కనపడకూడదు. మొదటిసారి పాత గత్తం (బాగా మాగిన పశువుల ఎరువు) రెండు తట్టలు కలపండి, లేదా పేడనీళ్లు చల్లండి. వారానికోసారి తిరగెయ్యాలి, అప్పుడే గాలి తగులుతుంది. తడి సరిపోయిందో లేదో తెలియాలంటే గుప్పెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు కనిపించాలి. ధార కారితే ఆకు తక్కువైంది, చెయ్యి తీయగానే పొడిగా రాలిపోతే నీళ్లు చల్లాలి. మధ్యలో ఒక ఇనపకమ్మీ గుచ్చి వదిలేసి, పది నిమిషాలాగి తీసి పట్టుకోండి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే లోపల 55, 60 డిగ్రీలు ఉన్నట్టే, కలుపు విత్తనాలు, రోగకారక క్రిములు చావడానికి ఆ వేడే కావాలి. డిసెంబరు పొద్దున్న తిరగేస్తుంటే కుప్ప లోంచి ఆవిరి లేస్తుంది, చూడటానికి వీధి పిల్లలంతా వచ్చేస్తారు.

వాసన వస్తే కంగారు పడకండి, అది ఏ వాసనో చూడండి. మురుగు వాసనైతే గాలి లేదు, తిరగేసి ఆకు కలపండి. కళ్లు మండే ఘాటైతే నత్రజని ఎక్కువైంది, దానికీ ఆకే మందు. లావుపాటి పురుగులు కనిపిస్తే చంపకండి, అవి చెత్తనే తింటాయి.

పొడి చెత్త గురించి. అట్టపెట్టెలు మడిచి తడవని చోట, పాల ప్యాకెట్లు కడిగి ఆరబెట్టి, సీసాలు, నూనె డబ్బాలు విడివిడిగా పెట్టాలి. పాత సామాన్ల కొట్టువాళ్లతో ముందే మాట్లాడుకోండి, వాళ్లు ఏది కొంటారో అదే వేరు చెయ్యండి. ఇక్కడ ఒక్కటి గట్టిగా చెప్పాలి. మీరు రాకముందే ఆ వీధిలో అట్టలు, సీసాలు ఏరుకుని బతికే మనుషులు ఉంటారు. వాళ్ల నోటి దగ్గర కూడు లాక్కోవడం అన్యాయం. మా దగ్గర ఆ పని చేసే అక్కకే పొడి సరుకంతా ఇచ్చాం, అమ్మిన డబ్బు ఆవిడదే, తొట్లు తిరగేసినందుకు కొట్లవాళ్లు నెలనెలా వేసుకునే చందాలోంచి జీతం విడిగా. చేతి తొడుగులు, బూట్లు, టీటీ ఇంజెక్షను ఖర్చు కూడా మా వీధి సంఘానిదే. దీనికి డబ్బు సరిపోకపోతే ఇంకా మొదలుపెట్టకండి.

పెద్ద హోటలో, కల్యాణ మండపమో చేరతామంటే తొందరపడి ఒప్పుకోవద్దు. రోజుకి సగటున 100 కిలోలు దాటిన చోట చెత్త బాధ్యత వాళ్లదేనని 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలే చెప్పాయి. వాళ్లకి తొట్లు ఎలా కట్టాలో నేర్పించండి, చెత్త మాత్రం మీ నెత్తికెత్తుకోకండి.

రెండు మూడు నెలలకి కుప్ప మూడో వంతుకి దిగిపోతుంది, నల్లగా, వాన పడ్డ మట్టి వాసనతో ఉంటుంది. 100 కిలోల తడి చెత్త నుంచి 20, 30 కిలోలు వస్తే బాగా వచ్చినట్టే. జల్లించి, పైన మిగిలిన పుల్లలు మళ్లీ కొత్త తొట్టిలో వేసుకోండి. సంచుల మీద పేరు వేసి ఎరువుగా అమ్మాలంటే ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, 1985 ప్రకారం ప్రమాణాలు ఉండాలి, కాబట్టి మేం అమ్మం, కొట్లవాళ్లకి, ఆకులిచ్చిన స్కూలుకి పంచుతాం. పంచే ముందు ఒక పని చెయ్యండి. ఒక కుండీలో ఈ ఎరువు సగం, మట్టి సగం కలిపి గుప్పెడు మెంతులు చల్లండి. నాలుగైదు రోజుల్లో అన్నీ మొలిచి పచ్చగా నిలబడితే ఎరువు తయారైంది. సగమే మొలిచినా, మొలకలు పసుపెక్కినా ఆ కుప్పని ఇంకో పదిహేను రోజులు వదిలేసి, మళ్లీ మెంతులు చల్లి చూడండి.