ఇంటిల్లిపాదికీ ఒక వ్యాను: కొనడం, నడపడం, చూసుకోవడం

పెద్దవాళ్లిద్దరు, భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, పండుగకో పబ్బానికో ఊరి నుంచి వచ్చే మేనత్త. ఇంతమంది ఉన్న ఇంటికి అయిదుగురు పట్టే కారు చాలదు, మూడు వరసల పెద్ద బండి కొనే స్తోమత అందరికీ ఉండదు. అటువంటి ఇంటికి వ్యాను చక్కగా సరిపోతుందని, హన్మకొండలో తొమ్మిదేళ్లుగా వ్యానునే ఇంటి బండిగా వాడుతున్న అనుభవంతో చెప్పగలను. అయితే లోపల చోటు ఎక్కువగా కనిపించడం దానికున్న మంచి గుణమే కాదు, ప్రమాదం కూడా. ఖాళీ కనిపించిన చోటల్లా మనిషినో బస్తానో సర్దే అలవాటును మొదటి రోజే మానుకున్న ఇంట్లోనే వ్యాను క్షేమంగా నడుస్తుంది.

మన దగ్గర వ్యాను అంటే ఎక్కువమందికి మారుతి బండే గుర్తుకొస్తుంది. 1984లో వచ్చి తర్వాత ఓమ్నీ అనే పేరుతో స్థిరపడిన పాత వ్యాను తయారీ 2019లో ఆగిపోయింది. ఇప్పటికీ అవి చవకగా దొరుకుతాయి కాని, పిల్లలను ఎక్కించుకుని హైవే మీద తిరగడానికి నేను వాటిని సూచించను. 2010లో వచ్చిన మారుతి వ్యాను ఈకోలో 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజిన్ ఉంటుంది, పొడవు 3.7 మీటర్లకు మించదు, నాలుగున్నర మీటర్ల వ్యాసార్ధంలో మలుపు తిరుగుతుంది. వరంగల్‌లో గిర్మాజీపేట, మట్టెవాడ వంటి పాత బస్తీల ఇరుకు సందుల్లో ఆ పొట్టితనం ఎంత మేలో అక్కడ పెద్ద బండి తిప్పిన వాళ్లకు తెలుసు. సీఎన్‌జీ బండి తీసుకుంటే ఇంధనం ఖర్చు తగ్గుతుంది, కాని సిలిండరు డిక్కీ చోటును చాలావరకు మింగేస్తుంది. ఆ సిలిండరుకు మూడేళ్లకొకసారి పరీక్ష చేయించాలన్న నియమాన్ని మరచిపోకూడదు. మీ ఇంటి నుంచి గ్యాస్ బంకు ఎంత దూరమో, అక్కడ వరుస ఎంతసేపు ఉంటుందో స్వయంగా చూసుకున్నాకే నిర్ణయించుకోండి.

పాత బండి కొనేవాళ్లు ఇంజిన్ శబ్దం కన్నా ముందు కాగితాలు, టైర్లు చూడాలి. నేను కొన్నప్పుడు టైర్లు నల్లగా మెరుస్తూ, గాడులు లోతుగా ఉండి కొత్తవాటిలా కనిపించాయి. అమ్మిన వ్యక్తి కూడా కొత్తవేనన్నాడు. రెండో నెలలో జనగామ దాటాక వెనక టైరు పగిలింది. పంచర్ షాపు అతను టైరు పక్కనున్న నాలుగంకెలు వేలితో చూపించి, అది తయారై ఎనిమిదేళ్లు దాటిందని చెప్పాడు. ఆ నాలుగంకెల్లో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 2319 అని ఉంటే అది 2019లో ఇరవై మూడో వారంలో తయారైందని అర్థం. స్టెప్నీతో సహా అయిదు టైర్ల మీదా ఆ అంకెలు చదవండి. ఆర్‌సీలో బ్యాంకు అప్పు ఇంకా నమోదై ఉందేమో, బండి ఇదివరకు పసుపు బోర్డు మీద కిరాయికి తిరిగిందేమో చూడండి. టీఎస్ నంబరున్న బండిని టీజీకి మార్చుకోవలసిన పని లేదు. 2024 మార్చి నుంచి కొత్త రిజిస్ట్రేషన్లకే టీజీ ఇస్తున్నారు. గోదావరి అవతల మహారాష్ట్ర నుంచి తెచ్చిన బండి మాత్రం చవకగా వచ్చిందని తొందరపడి కొనకండి. అక్కడి నుంచి ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం) తేవాలి, ఇక్కడ జీవితకాల పన్ను కట్టాలి. ఆ రెండూ లెక్కవేస్తే చవక ఎంత మిగులుతుందో తేలుతుంది.

బండి ఇంటికొచ్చాక మొదట చేయవలసింది ఎవరు ఎక్కడ కూర్చోవాలో నిర్ణయించడం. వ్యానులో ముందు సీట్లు ముందు చక్రాల దగ్గర, చివరి వరస వెనక చక్రాల మీద ఉంటాయి కాబట్టి, స్పీడ్ బ్రేకరు వచ్చినప్పుడు ఎక్కువ కుదుపు ఆ రెండు చోట్లకే తగులుతుంది. మధ్య వరస రెండు ఇరుసుల నడుమ ఉండటంతో అక్కడ కుదుపు తక్కువ. నడుము నొప్పి ఉన్నవాళ్లను, గర్భిణులను అక్కడే కూర్చోబెట్టాలి. చివరి వరసలోకి మధ్య సీటు మడిచి వంగి వెళ్లాలి కనుక అది పదేళ్లు దాటిన పిల్లలకే సరి. ఎక్కడం కూడా పెద్దవాళ్లకు ఒక సమస్యే. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ మొదటి వారమంతా తలుపు దగ్గర ఒక చేత్తో సీటు పట్టుకుని, రెండో చేత్తో నా భుజం పట్టుకుని, "బిడ్డా, జర ఆగు" అంటూ ఎక్కేది. వడ్రంగి చేత అడుగు ఎత్తున్న వేపచెక్క పీట చేయించి, కింద పాత టైరు ట్యూబు ముక్కలు కొట్టించాక జారడం ఆగింది. ఇప్పుడు ఎవరి సాయమూ లేకుండా తానే ఎక్కుతుంది. ఆ పీట బండి కదిలే ముందు తప్పకుండా సీటు కిందికి వెళ్లాలి, లేకపోతే గట్టిగా బ్రేకు వేసినప్పుడు అదే ఎవరికో ఒకరికి తగులుతుంది.

ఎన్ని సీటు బెల్టులున్నాయో అంతమందినే ఎక్కించుకోవాలి. బెల్టు లేకపోతే పడే వెయ్యి రూపాయల జరిమానా, పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు రక్షణ ఏర్పాటు లేకపోతే పడే మరో వెయ్యి, రెండూ చిన్న విషయాలే. ఒళ్లో కూర్చున్న బిడ్డను గట్టి బ్రేకు పడినప్పుడు ఏ తల్లి చేతులూ ఆపలేవు.

బరువు సంగతి దగ్గర కొంచెం ఆగాలి. ఏడుగురు పెద్దవాళ్లు ఎక్కితే, మనిషికి అరవై కిలోల చొప్పున వేసుకున్నా 420 కిలోలు అవుతుంది. దాని మీద ఊరి నుంచి తెచ్చే నాలుగు బియ్యం బస్తాలు, పాతికేసి కిలోలవి, ఇంకో వంద. బండి ఎంత మోయగలదో కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. దాన్ని చూసి, మనుషుల బరువు తీసేసి, మిగిలిన అంకెను ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. బస్తాలను చివరి సీటు వెనక తల ఎత్తుకు పేర్చకండి. వీలైతే సీటు మడిచి నేల మీద పరచి, తాడుతో బిగించండి. టాపు మీద బరువు వేస్తే ఎత్తైన ఈ బండి మలుపులో మరింత ఒరుగుతుంది. ఒకసారి పరకాల వైపు ఉన్న మా ఊరి నుంచి ఎనుమాముల మార్కెట్‌కు రెండు బస్తాల మిర్చి వ్యానులోనే తెచ్చాను. బస్తాలు దించి, లోపల తుడిచి, అద్దాలు తెరిచి ఉంచినా ఆ ఘాటు సీట్ల బట్టలో పట్టేసింది. పది రోజుల పాటు పిల్లలు ఎక్కగానే తుమ్ములు, కళ్లలో నీళ్లు. పంటను ట్రాలీ ఆటోలోనే పంపించండి. ఇంటి బండిలో పిల్లలు ఊపిరి పీలుస్తారు.

జరిపే తలుపు ఇరుకు సందులో, బడి గేటు దగ్గర గొప్ప సౌకర్యం. కాని వేళ్లు నలిగేదీ అక్కడే. మా ఇంట్లో తలుపు మూసేది పెద్దవాళ్లే. మూసే ముందు "చేతులు" అని గట్టిగా అంటారు, పిల్లలు రెండు చేతులూ పైకెత్తి చూపిస్తారు. వెళ్తున్న బండిలో తలుపు తెరుచుకోకుండా పిల్లల తాళం (చైల్డ్ లాక్) ఎప్పుడూ వేసి ఉంచాలి.

ఇంజిన్ ముందు సీట్ల కింద ఉంటుంది కాబట్టి, ఏప్రిల్, మే నెలల్లో దాని వేడి నేరుగా కూర్చున్నవాళ్లకు తగులుతుంది. దూరప్రయాణాలు ఉదయం తొమ్మిదిలోపో, సాయంత్రం అయిదు తర్వాతో పెట్టుకోవడం మంచిది. ఏసీ గాలి ముందు నుంచే వస్తుంది, చివరి వరస చల్లబడటానికి చాలాసేపు పడుతుంది. ప్రతి ఆదివారం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు సీటు ఎత్తి ఆయిల్, కూలెంట్ చూడండి. వడ్ల బస్తాలున్న చోట బండి ఆపేవాళ్లు ఎలుకలు వైర్లు కొరికాయేమో కూడా చూడాలి. ఎండలో ఆపిన బండిలో పిల్లలను అయిదు నిమిషాలైనా వదలకూడదు.

మన రోడ్ల మీద వ్యాను నడిపే పద్ధతి వేరు. ఖాళీగా ఉన్నప్పుడు వెనక భాగం తేలికగా ఉంటుంది, నడిపే శక్తి వెనక చక్రాలకే వెళ్తుంది. అందువల్ల తడి రోడ్డు మీద యాక్సిలరేటరు మెల్లగా తొక్కాలి. హైదరాబాదు రోడ్డు మీద పెద్ద లారీ పక్కనుంచి దూసుకుపోయినప్పుడు గాలికి బండి ఊగుతుంది, కాబట్టి ఎనభై దాటకుండా రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచండి. కోతల కాలంలో పరకాల, నర్సంపేట, ములుగు దారుల్లో సగం రోడ్డు మీద వడ్లు, మక్కలు ఆరబోసి అంచున రాళ్లు పెడతారు. చీకటి పడ్డాక ఆ రాళ్లు కనిపించవు, వడ్ల మీద చక్రం జారుతుంది. ఆ నెలల్లో వెలుతురుండగానే ఇల్లు చేరేలా బయలుదేరండి. వానాకాలంలో వాగు మీద నీళ్లు పారుతుంటే, ముందు వెళ్లిన బండి దాటిందని మీరూ దిగకండి. 2023 జూలైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచెత్తిన రోజు ఈ ప్రాంతం వాళ్లు మరచిపోలేదు. మీ వ్యానులో ఇంజిన్ ఎంత కిందికి ఉందో సీటు ఎత్తి చూసినవాళ్లు నీళ్లలోకి దిగరు.

రెండేళ్లకొకసారి మేడారం జాతరకు వెళ్లేటప్పుడు జాతరలో బంగారమని పిలిచే బెల్లం, కోళ్లు, వంటసామాను, చుట్టాలు అందరూ ఈ ఒక్క బండిలోనే పట్టాలని ఇంట్లో వాళ్లు ఆశపడతారు. మనుషులను మాత్రమే వ్యానులో తీసుకెళ్లి, సామాను వేరుగా పంపడం నా పద్ధతి. వంటగ్యాస్ సిలిండరును మూసిన బండిలో పిల్లలతో కలిపి పెట్టకండి. ములుగు దాటాక అడవి దారిలో బంకు కోసం వెతుక్కోకుండా హన్మకొండలోనే ట్యాంకు నింపుకోండి, తాగునీళ్లు రెండింతలు పెట్టుకోండి. తిరిగొచ్చాక తలుపు జారే పట్టాలో చేరిన ఇసుకను పళ్లు తోమే పాత బ్రష్‌తో తీసి, గ్రీజు రాయండి. అలా చేయకపోతే నెలలోపే తలుపు మధ్యలో ఆగిపోతుంది.

మీరు బడికి వెళ్తున్నారు కదా అని పక్కింటి పిల్లలను నెలకింత డబ్బుకు తీసుకెళ్లమని ఎవరైనా అడగవచ్చు. తెల్లబోర్డు బండిని, అంటే సొంత వాడకానికి రిజిస్టరైన బండిని, కిరాయికి తిప్పడం చట్టవిరుద్ధం. ప్రమాదం జరిగితే బీమా సంస్థ పరిహారం నిరాకరించవచ్చు. డబ్బు తీసుకోకుండా, సీటు ఉంటేనే ఎక్కించుకోండి. తరచుగా హైదరాబాదు వెళ్లేవాళ్లు, 2025 ఆగస్టు 15న మూడు వేల రూపాయల ధరతో మొదలైన ఫాస్టాగ్ ఏడాది టోల్ పాసు తీసుకోవచ్చు. కిరాయికి తిరగని కార్లు, జీపులు, వ్యాన్లకు అది వర్తిస్తుంది, ఏడాది లేదా రెండు వందల ట్రిప్పులు, ఏది ముందైతే అంతవరకు. వరంగల్ నుంచి హైదరాబాదు వెళ్లే దారిలో కోమళ్ల, గూడూరు దగ్గర రెండు టోల్‌గేట్లున్నాయి. రానుపోను నాలుగు ట్రిప్పులుగా లెక్కవేస్తే యాభై ప్రయాణాలకు ఆ పాసు సరిపోతుంది.