స్ప్లెండర్ నుంచి 350కి మారుతున్నారా? మొదటి నెల ఈ జాగ్రత్తలు పాటించండి

ఆషాఢం అంతా ఆగి, శ్రావణం రాగానే షోరూంకి వెళ్లి బండి తెచ్చుకోవడం మన దగ్గర ఎక్కువ. అంటే సరిగ్గా రోడ్లన్నీ తడిసి ఉన్న రోజుల్లోనే, ఇంకా చేతికి అలవాటు కాని బండి మీద బయటికి వెళ్తున్నాం. నేను తొమ్మిదేళ్లు స్ప్లెండర్ నడిపి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 తీసుకున్నాను. నా మాట ఒక్కటే, మొదటి నెల ప్రమాదం బండిలో ఉండదు, మన చేతుల్లో, కాళ్లలో పాతుకుపోయిన పాత బండి అలవాటులో ఉంటుంది.

నాలుగో రోజు జరిగింది చెప్తాను. ఘట్‌కేసర్ దాటాక వరంగల్ హైవే మీద సన్నగా చినుకులు, మూడో గేర్లో 60 దగ్గర ఉన్నాను. నాలుగో గేరు వేద్దామని కాలి ముందు భాగంతో లివర్ కిందికి తొక్కాను. స్ప్లెండర్‌లో నాలుగు గేర్లూ అలా ముందుకి తొక్కితేనే పడతాయి కదా, తొమ్మిదేళ్లుగా కాలు చేసిన పని అదే. ఈ బండిలో మొదటి గేరు కిందికి, మిగిలిన నాలుగూ పైకి. నాలుగు పడాల్సింది పోయి రెండు పడింది, ఇంజిన్ ఒక్కసారి గట్టిగా అరిచింది, వెనక చక్రం తడి రోడ్డు మీద పక్కకి జారింది. వెంటనే క్లచ్ పట్టుకున్నాను కాబట్టి బండి నిలబడింది, కానీ వెనక లారీ వస్తోంది. చాలాసేపు చేతులు వణికాయి.

అందుకే అన్నిటికంటే ముందు గేర్ల సంగతి. మడమతో తొక్కే లివర్ కూడా స్ప్లెండర్‌కి సరిగ్గా ఉల్టా, అక్కడ మడమతో తొక్కితే గేరు తగ్గుతుంది, ఇక్కడ పెరుగుతుంది. మొదటి నెల మడమ లివర్‌ని అసలు ముట్టుకోకండి, పై గేరు అంటే కాలి వేళ్లతో పైకి ఎత్తడమే అని కాలికి ఒకే పాఠం నేర్పండి. చెప్పులతో ఎత్తితే వేళ్లు నొప్పి పుడతాయి, నొప్పి పుడితే కాలు మళ్లీ తొక్కడానికే పోతుంది, కాబట్టి బూట్లు వేసుకోండి. ఖాళీ గ్రౌండ్‌లో రోజూ అరగంట చొప్పున ఓ నాలుగు రోజులు, ఎత్తుతూ దించుతూ, ఏ గేరో పైకి చెప్పుకుంటూ తిప్పండి. మామూలుగా నడిపేటప్పుడు గుర్తుంటుంది, కుక్క అడ్డం వచ్చినప్పుడు మాత్రం కాలు పాత పనే చేస్తుంది, ఆ క్షణం కోసమే ఈ ప్రాక్టీస్. ఇంట్లో ఇంకా పాత బండి ఉంటే ఈ నెల దాన్ని నడపకండి, రెండూ మార్చి మార్చి నడిపితే కాలు ఏదీ నేర్చుకోదు.

ఇక ఇంజిన్. స్ప్లెండర్ ఇంజిన్ 97.2 సీసీ, సిలిండర్ వెడల్పు 50 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం 49.5, అంటే రెండూ దాదాపు సమానం. క్లాసిక్‌ది 349 సీసీ, వెడల్పు 72, పిస్టన్ దూరం 85.8. పిస్టన్ ఇంత పొడవునా కదిలే ఇంజిన్ తక్కువ రేస్‌లోనే బలంగా లాగుతుంది, 27 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) 4000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గరే వచ్చేస్తుంది. దీనివల్ల మారాల్సిన అలవాట్లు మూడున్నాయి. సిగ్నల్ పడగానే స్ప్లెండర్‌కి ఇచ్చినంత రేస్ ఇచ్చి క్లచ్ వదిలేయకండి, బండి మీరనుకున్నదానికంటే ముందుకి దూకుతుంది. కొంచెం రేస్, నెమ్మదిగా క్లచ్, చాలు. రెండోది, బలం ఉంది కదా అని ఐదో గేర్లో 30కి తగ్గి మళ్లీ రేస్ ఇవ్వకండి, ఇంజిన్ టకటకమని కొట్టుకుంటుంది, అది దానికి మంచిది కాదు, ఓ గేరు తగ్గించండి.

మూడోదాన్ని నేను అన్నిటికంటే ముఖ్యమైనదంటాను. రేస్ వదిలేయగానే ఈ ఇంజిన్ వెనక చక్రాన్ని గట్టిగా పట్టి ఆపుతుంది. పొడి రోడ్డు మీద అది సుఖంగానే ఉంటుంది, సగం బ్రేకు అదే వేసిపెడుతుంది. కానీ తడి రోడ్డు మీద ఒక్కసారిగా రేస్ వదిలినా, రెండు గేర్లు టకటకా తగ్గించి క్లచ్ టక్కున వదిలినా వెనక టైరు పట్టు తప్పుతుంది. వానలో రేస్‌ని చుక్క చుక్కగా తగ్గించండి, గేరు ఒక్కొక్కటే దించండి, దించిన ప్రతిసారీ క్లచ్ మెల్లగా వదలండి. ముఖ్యంగా తొలి వాన పడ్డ అరగంట, రోడ్డు మీద పేరుకున్న ఆయిలూ దుమ్మూ నీళ్లతో కలిసి సబ్బులా ఉంటాయి, అప్పుడు ఏ టీ కొట్టు దగ్గరో ఆగడమే మంచి పని.

ఇంకోటి, ఈ ఇంజిన్లో వణుకు తగ్గించే బ్యాలెన్సర్ షాఫ్ట్ ఉంది. పాత బండి 60 దాటగానే హ్యాండిల్ వణికి మనకి చెప్పేది, ఇది చెప్పదు. 60లో ఉన్నాననుకుని మీటర్ చూస్తే 80 ఉంటుంది.

బరువు సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. స్ప్లెండర్ 112 కిలోలు, క్లాసిక్ 195. కదులుతున్నప్పుడు ఆ 83 కిలోల తేడా తెలియదు, మెట్రో పిల్లర్ల కింద యూటర్న్ దగ్గర, అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీద తెలుస్తుంది. నెమ్మదిగా తిప్పేటప్పుడు ముందు బ్రేకు జోలికి వెళ్లకండి. హ్యాండిల్ తిరిగి ఉండగా ముందు బ్రేకు పడితే బండి అటే ఒరిగిపోతుంది. హాఫ్ క్లచ్, సన్నగా వెనక బ్రేకు, చూపు చక్రం మీద కాకుండా వెళ్లాల్సిన చోట ఉండాలి. ఒకవేళ పడిపోతుంటే కాలు అడ్డం పెట్టి ఆపాలని చూడకండి, దయచేసి. వదిలేసి పక్కకి జరగండి, గీతలు పడితే పడనీండి, కాలు విరిగితే ఆరు నెలలు. తడి మట్టిలో సైడ్ స్టాండ్ దిగబడిపోతుంది, కింద ఒక చదునైన రాయో చెక్క ముక్కో పెట్టండి.

మలుపుల్లో కూడా ఇది పాత బండిలా చటుక్కున తిరగదు. ముందు చక్రం 19 అంగుళాలు, రెండు చక్రాల మధ్య దూరం 1390 మిల్లీమీటర్లు, స్ప్లెండర్‌కి అది 1236. కాస్త ముందుగానే వేగం తగ్గించి, ఎడమకి తిరగాలంటే ఎడమ హ్యాండిల్‌ని మెల్లగా ముందుకి నెట్టండి, బండి తనే అటు ఒరుగుతుంది. వినడానికి వింతగా ఉన్నా కాస్త వేగం మీద ఏ బండైనా తిరిగేది అలాగే, బరువైన బండిలో అది బాగా తెలుస్తుంది. కొత్త టైర్ల పైపొర నున్నగా ఉంటుంది, అది అరిగే దాకా, ఓ 150 కిలోమీటర్లు, ఎక్కువ ఒరిగించకండి. కోతల కాలం వచ్చేసరికి ఊళ్లలో రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, వాటి మీద ఏ టైరూ నిలబడదు. శ్రీశైలం ఘాట్ ఎక్కాలని అందరికీ ఉంటుంది, ఈ నెలకి మాత్రం వద్దు.

బ్రేకులు ఖాళీ రోడ్డు మీద 20లో, తర్వాత 30లో, 40లో గట్టిగా వేసి చూడండి. మీ స్ప్లెండర్‌ది డ్రమ్ బ్రేకైతే లివర్ మొత్తం లాగడం అలవాటై ఉంటుంది, దీని 300 మిల్లీమీటర్ల డిస్క్‌కి రెండు వేళ్లు చాలు. గట్టిగా బ్రేకేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పనిచేసేటప్పుడు లివర్ చేతి కింద టపటపా కొట్టుకుంటుంది, భయపడి వదలకండి, అలాగే పట్టుకోండి. కొన్ని వేరియంట్లలో ఏబీఎస్ ముందు చక్రానికే ఉంటుంది, మీది ఏదో కొనేటప్పుడే అడగండి.

పూజ చేయించిన రోజు దండని హ్యాండిల్‌కి వేలాడదీసుకుని ఇంటికి రాకండి. దారం కేబుళ్లకో ముందు చక్రానికో చుట్టుకుంటుంది. దేవుడికి దండం పెట్టుకున్నాక తీసి దాచుకోండి, టైర్ల మీద పడ్డ కొబ్బరినీళ్లు, పసుపు తుడవండి.

వెనక ఎవరినీ ఎక్కించుకోకుండా కనీసం రెండు వారాలు ఒక్కరే నడపండి. ఇంట్లో వాళ్లు అడుగుతారు, కారణం విడమర్చి చెప్పండి. మొదటిసారి ఎక్కించుకునేటప్పుడు వాళ్లకి ఒకటే చెప్పండి, నేను కాళ్లు రెండూ ఆనించి సరే అన్నాకే ఎక్కాలి, దిగాలి. చీర కట్టుకున్నవాళ్లు ఒకవైపు కూర్చుంటే బరువంతా ఎడమకి లాగుతుంది, కొంగు, కుచ్చిళ్లు చక్రానికి దూరంగా ఉన్నాయో లేదో మీరే చూసి కదలండి.

మొదటి సర్వీసు 500 కిలోమీటర్లకి. అప్పటిదాకా ఫుల్ రేస్ వద్దు, గంటల తరబడి ఒకే వేగం మీద పోవద్దు. సర్వీసులో చైన్ బిగిస్తారు, క్లచ్ ఫ్రీ ప్లే (క్లచ్ పని మొదలుపెట్టకముందు లివర్ ఖాళీగా కదిలే దూరం), బ్రేకు లివర్ సరిచేస్తారు, దాంతో మీరు నెల రోజులుగా అలవాటు పడ్డ పట్టు చోటు మారిపోతుంది. బండి తీసుకున్నాక నేరుగా ట్రాఫిక్‌లోకి వెళ్లకుండా పక్క వీధిలో ఓ పది నిమిషాలు తిప్పి, క్లచ్ ఎక్కడ పడుతోందో చూసుకుని ఇంటికి బయల్దేరండి.